కొండమీది ఎర్రాకులు, ఎనిమిది ఫోటోలు

మీరు నవ్వేముందు ఒక మాట. ఇప్పుడు చెప్పబోయే పరువునష్టంలో నా తప్పు వీసమెత్తే. మిగతా మణుగంతా మునిరత్నానిదీ, ఒక సైన్సు పుస్తకానిదీ.

రెండో ప్రపంచయుద్ధకాలం. రేణిగుంట రైల్వేలో గుమాస్తాను, తిరుపతిలో ఒంటిగది. సాయంత్రాలు మునిరత్నం ఇంటి అరుగుమీద తోటి గుమాస్తాలందరూ చేరేవాళ్లు. నేను వెళితే జరిగి చోటిచ్చిన పాపాన ఎవరూ పోలేదు. నిలబడే మాట్లాడి వచ్చేవాణ్ణి. అందుకే పుస్తకాలు పట్టాను.

సామాన్యులకని రాసే ఆ శాస్త్రగ్రంథాలున్నాయే, సూర్యుణ్ణి గుమ్మడికాయంత చేస్తాయి, భూమిని ఆవగింజంత చేస్తాయి, చదివినవాణ్ణి మాత్రం సూర్యుడంత చేసి వదులుతాయి. చలికి ఆకులో పచ్చదనం తప్పుకుంటే మాటున దాగిన రంగు బయటపడుతుందని చదివి, అరుగు దగ్గర ప్రకటించాను.

"కొండమీద ఆకులు ఎర్రబడుంటాయి. ఫోటోలు తీస్తా. ఆదివారం ఎవరొస్తారు?"

"ఎండాకులకు కొండెక్కాల్నా? మా పెరట్లో ఊడ్సేవాళ్లు లేక పడుండాయి, రాప్పా," అని నవ్వాడు మునిరత్నం.

ఎవరూ రాలేదు. సరే, ఫోటోలు చూస్తే వాళ్లే జరిగి కూర్చోమంటారనుకున్నాను.

స్టూడియో గురవప్ప పాత డబ్బా కెమెరా ఇస్తూ, "ఎనిమిదే వస్తాయబ్బా, ఫిల్ము దొరికే కాలం కాదు. ఎండ నీ వీపుమీద పడేట్టు నిలబడు, సాలు," అన్నాడు.

అలిపిరి మెట్లు ఒక్కణ్ణే ఎక్కాను. యాత్రికులు గుంపులుగా గోవింద కొడుతూ నన్ను దాటిపోయారు. సగం దారిలో ఎర్రటి చెట్టొకటి దొరికింది. సాయంత్రపు ఎండకు వీపు అప్పగించి, రాలిన ఆకులకు ఎనిమిది ఫోటోలూ తీసి దిగొచ్చాను.

ఫోటోలు కడిగించి అరుగు దగ్గరికి పోయాను.

"ముందు ప్రసాదం పెట్టు," అన్నాడు మునిరత్నం.

"పైదాకా పోలేదు."

"కొండకు పోయి సామిని సూడకుండా దిగినావా?"

దేవుడు కొండంత దారిచ్చినా మునిరత్నం జానెడు చోటివ్వడు. ఫోటోలు చేతిలో పెట్టాను.

"ఎరుపు యాడుండాది?"

నలుపూ తెలుపూ ఫిల్ములో ఎరుపు రాదని నాకు అప్పుడు తట్టింది. నా ఎర్రాకులు బూడిదలో పొర్లిన అప్పడాల్లా ఉన్నాయి.

"మద్దెలో ఈ నల్లటిదేంది?"

అందరూ వంగి చూశారు. నా నీడ. పొడుగ్గా, కెమెరా పొట్టకానించుకుని.

"ఎనిమిదింట్లోనూ నువ్వే ఉండావు కదప్పా," అన్నాడు మునిరత్నం. "పక్కన ఇంకొక నీడన్నా లేదే."

ఈసారి నవ్వలేదు. అదే నేను ఇప్పటికీ క్షమించనిది. పైగా జరిగి, "కూసో," అన్నాడు.

జాలితో ఇచ్చిన చోటు నాకెందుకు? నిలబడే ఉన్నాను. పుస్తకం అబద్ధం చెప్పలేదు లెండి. రంగంతా పోయాక, దాగినది బయటపడింది.

ఏడుకొండల సాక్షిగా ఒట్టు. ఇకమీద ఫోటో తీస్తే మిట్టమధ్యాహ్నమే తీస్తాను. అప్పుడైతే నీడ కాళ్లకిందే ఉంటుంది, ఎవరికీ కనబడదు.