అత్త మెడ వెనక వెలుగు

మాతోనే ఉండే మా మేనత్త ఎలుకలకు చాకిరీ చేస్తుంది. మందులు కనిపెట్టే చోట, నేలకింది గదిలో, పంజరాల్లో పొట్టు మార్చి, నీళ్ళ సీసాలు కడిగి నింపడం ఆమె పని. కూర్చోబెట్టి మేపాలి, పల్లెత్తు మాట అనకూడదు కాబట్టి వాటిని అల్లుడుగార్లు అంటుంది.

ఆ ఎలుకల ఒంట్లోకి, వెలుగునిచ్చేలా మార్చిన కేన్సర్ కణాలు ఎక్కించి గడ్డలు పెంచుతారు. ఒక సూది వేసి, మత్తులో పడుకోబెట్టి, సందు లేని చీకటి పెట్టెలో పెడితే పైనున్న కెమెరా ఆ వెలుగును పడుతుంది. కంటికి మాత్రం ఆనదు. చదువు మానేసి ఇంట్లో ఉంటున్న నన్ను అత్త ఒకసారి వెంట తీసుకెళ్ళింది. తెర మీద బూడిదరంగు ఎలుక, పక్కటెముకల కింద ఎవరో నిప్పు దాచినట్టు ఒక మచ్చ. గడ్డ చిన్నదైతే నీలం, ముదిరితే ఎరుపట. కాసేపటికి ఆ ఎలుక లేచి, ఏమీ ఎరగనట్టు మూతి తుడుచుకుంది.

ఏళ్ళ తరబడి ఇవే చూసి, రోగమంటే వెలుగేనని అత్త మనసులో నాటుకుపోయింది. అందుకే తన మెడ వెనక గడ్డ లేచినప్పుడు డాక్టరు దగ్గరికి పోలేదు. ఒక సెలవునాడు మధ్యాహ్నం ఇంట్లో సామాన్ల గదిలో నన్ను కూర్చోబెట్టి, తలుపు సందుల్లో గుడ్డలు కుక్కి, లైటార్పి, జడ ముందుకు వేసుకుని నా వైపు వీపు తిప్పింది.

"చూసి చెప్పవే. ఏమన్నా మెరుస్తోందా?"

లేదన్నాను. హమ్మయ్య అనుకుని వంటింట్లోకి పోయింది. సెలవు వచ్చిన ప్రతిసారీ ఇదే తంతు. రేగుపండంత గడ్డ నిమ్మకాయంత అయింది.

నేను సిగ్గు చంపుకుని, అత్త పనిచేసే చోట ఎలుకల ఫోటోలు తీసే అతన్ని అడిగాను. ఎలుకల్లో వెలుగు మేం పెట్టిందే, మనుషుల గడ్డలు చీకట్లోనే పెరుగుతాయి అన్నాడు. ఆ మాటే అత్తకు చెబితే, నిన్నగాక మొన్న వచ్చినవాడికేం తెలుసని కొట్టిపారేసింది.

మళ్ళీ చీకట్లో కూర్చున్నాం. రెప్ప వేయకుండా చూస్తే చీకట్లో ఏదో ఒకటి కదులుతుంది. ఆమె మెడ దగ్గరా కదిలింది. అది వెలుగు కాదని నాకు తెలుసు.

"మెరుస్తోంది అత్తా."

అత్త అడిగింది. "ఏ రంగు?"

"ఎరుపు," అన్నాను.

అత్త లేచి, లైటు కూడా వేయకుండా చెప్పుల కోసం తడుముకుంది.

ఇంకొన్నాళ్ళు ఆగితే చేతులెత్తేయాల్సి వచ్చేదన్నాడు డాక్టరు. ఇంకా పాకలేదని చెప్పి ఆపరేషన్ చేశాడు. గడ్డను మందునీళ్ళ సీసాలో వేసి, పరీక్షకు ఇచ్చి రమ్మని నా చేతికిచ్చారు.

అత్త మంచం మీద నుంచి చెయ్యి చాపి సీసా తీసుకుంది. లైటార్పమంది. కిటికీ తెర లాగి ఆర్పాను. ఆమె ఒళ్ళో సీసా కదిలిన చప్పుడైంది. ఇక నా అబద్ధం బయటపడినట్టేనని గోడకానుకుని కళ్ళు మూసుకున్నాను.

"అదిగో, ఎరుపు పోయి నీలమవుతోంది," అంది అత్త మెల్లగా. "చల్లారుతోందే."

నేను కళ్ళు తెరవలేదు.