చెల్లి జబ్బ మీద జీడి చుక్కలు

మా మనవరాలు ఇంగ్లీషు పాఠం చదువుకుంటూ 'పోక్' అంటే ఏమిటని అడిగింది. పొడవడం అన్నాను. దాని నిఘంటువు అంతటితో ఆగలేదు. గుచ్చడం, కెలకడం, వేలు పెట్టడం, దెప్పడం, ఎగదోయడం అంటూ వరసగా ఇచ్చింది. ఇంగ్లీషువాడు ఇన్ని పనులకీ ఒక్క మాటతో ఎలా సరిపెట్టుకున్నాడో నాకు తెలియదు. మనకి అలా కుదరదు. ఒక్కొక్కటీ ఒక్కో రకంగా నొప్పి పెడుతుంది కాబట్టి ఒక్కోదానికీ ఒక్కో మాట కావాలి. నేను పెరిగిన బరంపురం ఇంట్లో ఈ పనులన్నీ రోజూ జరిగేవి. మా జిల్లా అప్పటికింకా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది.

మా నాన్న ధాన్యం, అపరాల వ్యాపారి. కొట్లోకి బస్తా వస్తే ఇనుప గొట్టం తీసుకుని దాని కడుపులో పొడిచేవాడు. గొట్టంలోకి జారిన గింజలు అరచేతిలో పోసుకుని, కొరికి చూసి, అప్పుడు మాట్లాడేవాడు. పైన మంచి గింజ, అడుగున మట్టి పెట్టి అమ్మేవాళ్లు ఆయన ముందు ఆటలాడలేకపోయేవారు. పొడిచి చూడనిదే దేన్నీ నమ్మడని బజారంతా చెప్పుకునేది.

నాయనమ్మ మాటలతో పొడిచేది. పులుసులో ఉప్పు తగ్గితే చాలు, మా అమ్మని చూసి, "ఉప్పు పండే ఊర్నుంచి వొచ్చినావు, ఉప్పెయ్యడం రాదేటే నీకు?" అనేది. అమ్మ పుట్టిల్లు ఛత్రపూర్. దాని దగ్గర్లోనే ఉప్పు మడులు. రక్తం రాదు గనుక అది పొడవడం కాదని నాన్న అనుకునేవాడు. అమ్మ తల వంచుకుని ఊరుకునేది. ఆ ఊరుకోవడాన్ని అందరూ మంచితనం అన్నారు. నాకు మాత్రం ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది.

నేను ఛత్రపూర్‌లోనే పుట్టాను. అక్కడ కోర్టులో గుమాస్తాగా ఉండే మా తాతయ్య, నన్ను బరంపురం పంపేలోగానే మశూచి టీకా వేయించేశాడు. నా ఎడమ జబ్బ మీద ఆ గుండ్రటి మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. టీకా మందు ఆవుదూడ పొట్ట గీరి తీస్తారని నాయనమ్మ ఎక్కడో విన్నది. కోమటింటి పిల్ల ఒంట్లోకి దూడ రసి ఎక్కించారని ఆవిడ మా తాతయ్యని ఎన్నడూ క్షమించలేదు. అందుకే రెండో కాన్పుకి అమ్మని పుట్టింటికి పంపలేదు. చెల్లి మా ఇంట్లోనే పుట్టింది. దానికి టీకా లేదు.

చెల్లికి నాలుగో ఏడు నడుస్తుండగా మునిసిపాలిటీ టీకాల మనిషి వీధివీధీ తిరుగుతున్నాడని తెలిసింది. నాన్న తప్పకుండా వేయించమని చెప్పి నెల్లాళ్లపాటు సరుకు కొనడానికి ఆస్కా వెళ్లాడు. ఆయన అటు వెళ్లగానే నాయనమ్మ మా చాకలామెని పిలిపించింది.

చాకళ్లు బట్టలకి గుర్తులు పెట్టడానికి నల్లజీడి గింజ వాడతారు. గింజని సూదితో గుచ్చి, ఆ రసంతో అంచు మీద చుక్కలు పెడితే ఎన్ని ఉతుకులకీ పోవు. ఆ రసం ఒంటికి తగిలితే బొబ్బలెక్కి పుండు పడుతుంది, మానాక మచ్చ మిగులుతుంది. నాయనమ్మకి కావలసింది ఆ మచ్చే.

"దీని జబ్బ సూడు, ఎక్కడెక్కడున్నాయో అక్కడే ఎట్టు," అని చాకలామెకి నా చెయ్యి చాపి చూపించింది. అమ్మ చెల్లిని ఒళ్లో పట్టుకుంది. చాకలామె నా మచ్చలు చూసుకుంటూ చెల్లి జబ్బ మీద సూదితో గుచ్చి, గుచ్చినచోటల్లా జీడిరసం అద్దింది. చెల్లి ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. రెండు రోజులకి చెయ్యి బూరెలా వాచింది. నా పక్కన పడుకుని, "అక్కా, నీకూ ఇలాగే పొడిసినారేటి?" అని అడిగింది. అవునన్నాను. అలా అంటే కాస్త ఊరుకుంటుందనిపించింది.

టీకాల మనిషి మా గుమ్మంలోకి వచ్చేసరికి పుండ్లు మాని మచ్చలు తేలాయి. ఆయన ఒరియా మనిషి, పెద్ద కోపిష్టేమీ కాదు. చెల్లి చెయ్యి పట్టుకు చూశాడు. ఛత్రపూర్‌లో వేయించామని నాయనమ్మ చెప్పింది. "ఠిక్ అఛి," సరేనంటూ పక్కింటికి వెళ్లిపోయాడు. తర్వాత నాన్న వచ్చాడు. ఆయన వెళ్లగానే టీకాల మనిషి ఇంటికొచ్చి వేసి వెళ్లాడని నాయనమ్మ ఆయనకి చెప్పింది. నాన్న చాలా సంతోషించాడు. తన తల్లి ఇన్నాళ్లకి కాలాన్ని బట్టి మారిందని కొట్లో అందరికీ చెప్పుకున్నాడు. బస్తాని పొడవకుండా కొనని మనిషి, మచ్చలు చూసి కూతురి ప్రాణానికి నిశ్చింత పడ్డాడు.

మరుసటి ఎండాకాలం మా ఊరి పక్కనే హల్దియాపదర్ వైపు అమ్మవారు పోసింది. మశూచి అనే మాట ఇంట్లో అనకూడదు. అమ్మవారు వచ్చింది, పోసింది అనాలి. టీకాల మనిషి మళ్లీ వచ్చి, పోయినసారి తప్పించుకున్నవాళ్లు ఇప్పుడైనా వేయించుకోండని వీధిలో బతిమాలాడు. నాన్న అరుగు మీద చెల్లిని నిలబెట్టి జబ్బ చూపించాడు. "మా పిల్లలిద్దరికీ ఎయ్యించాం బాబూ. మాకు బెంగ నేదు."

నేను నాన్న పక్కనే ఉన్నాను. "అది టీకా కాదు నాన్నా. నాయనమ్మ జీడి పెట్టించింది," అన్నాను.

నాన్న నవ్వు ఆగిపోయింది. తలుపు చాటున నిలబడ్డ అమ్మ వైపు తిరిగాడు. "ఏటంటందే ఇది?"

నాయనమ్మ అమ్మ వెనకే ఉంది. ఆవిడ కళ్లు అమ్మ మీదే ఉన్నాయి. చూపులతో పొడవడం అని మనం ఊరికే అనుకోలేదు. "సిన్నపిల్ల, దానికేటి తెలుసు," అంది అమ్మ. పెద్దవాళ్ల మాటల్లో వేలు పెట్టొద్దని నాన్న నన్ను కసిరి లోపలికి పంపేశాడు. టీకాల మనిషి సంచీ సర్దుకుని ముందుకి నడిచాడు. సూది ఆ సంచీలోనే ఉంది, చెల్లి అరుగు మీదే ఉంది.

కొద్ది రోజులకే చెల్లికి జ్వరం వచ్చింది. తర్వాత ముఖం మీద, అరికాళ్ల మీద కూడా పోసింది. గుమ్మానికి వేపరొట్ట కట్టారు, పోపులు మానేశారు. మందు మాట ఎత్తితే ఠాకురాణీ అమ్మవారికి కోపం వస్తుందన్నారు. పిల్ల దగ్గర ఎవరుండాలన్న మాట వచ్చింది. అమ్మ లేవబోతే నాయనమ్మ ఆపింది. నా వైపు చూసి, "నీకు టీకా పడింది గదా, నీకేటీ కాదు. నువ్వు కూకో దాని కాడ," అంది.

ఆ మాట ఆవిడ నోట విన్నప్పుడు నా వయసు పదేళ్లు. అయినా అర్థమైంది. టీకా పనిచేస్తుందని ఆవిడకి తెలుసు. తెలిసే చేసింది. అంతకుముందు నాకు నాయనమ్మ అంటే భయం. ఆ రోజు నుంచి అసహ్యం.

చెల్లి పక్కన వేపమండతో విసురుతూ కూర్చున్నాను. దానికి కళ్లు మూసుకుపోయాయి. చేత్తో తడిమి నేనున్నానో లేదో చూసుకునేది. దురదకి గోళ్లతో కెలుక్కోకుండా దాని రెండు చేతులూ పట్టుకునేదాన్ని. జబ్బ మీది జీడి మచ్చలు కూడా పొక్కుల్లో కలిసిపోయాయి. ఒక మధ్యాహ్నం అది తడమడం మానేసింది. నేను కేక పెడితే నాయనమ్మ వచ్చి నా నోరు మూసింది. అమ్మవారు తీసుకెళ్తే ఏడవకూడదట. మా చెల్లిని ఎవరూ ఏడవకుండానే తీసుకెళ్లి పూడ్చారు.

నాన్న మాత్రం వచ్చినవాళ్లందరితో ఒకటే మాట అనేవాడు. "టీకా ఎయ్యించినా పోయింది. మరింకేటి సెయ్యాలి?" ఆయన దుఃఖం ఆయనది. కానీ ఆ మాట వీధంతా పాకింది. కోమటివీధిలో ఒక్కొక్కరే తలుపులు వేసుకున్నారు. టీకాల మనిషి మళ్లీ వచ్చినప్పుడు ఎదురింటావిడ చంటిపిల్లని చంకన వేసుకుని గుమ్మంలో నిలబడి, "ఆళ్ల పిల్లకి ఎయ్యించినారు, ఏటయింది? మా పిల్లని పొడవొద్దు, ఎల్లు," అని గట్టిగా అంది.

అమ్మ అప్పుడు వాకిట్లో గిన్నెలు తోముతోంది. బూడిద చేతులతోనే లేచింది. నెత్తిన చెంగు కప్పుకుని వీధిలోకి నడిచింది. మా అమ్మ ఒంటరిగా వీధి దాటడం నేను అంతవరకూ చూడలేదు. నాన్న అరుగు మీద ఉన్నాడు. నలుగురూ ఉన్నారు.

"మా పిల్లకి టీకా ఎయ్యలేదు," అంది అమ్మ. "జీడి ఎట్టి మచ్చలు రప్పించినాను. నానే ఎట్టించినాను, నానే ఒళ్లో పట్టుకున్నాను. టీకా ఉంటే నా పిల్ల బతికేది. దీనికి ఎయ్యించమ్మా, నీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగి కాళ్లు పట్టుకుంది. ఎదురింటావిడ చంటిదాని చెయ్యి చాపింది. తర్వాత పక్కింటి పిల్లలకీ వేయించారు. అమ్మ నాయనమ్మ పేరెత్తలేదు. నాయనమ్మ లోపల నుంచి బయటికి రాలేదు.

నేను నాన్న దగ్గరికి పరుగెత్తి, పెట్టించింది నాయనమ్మేనని చెప్పాను. ఆయన నన్ను చూడనైనా చూడలేదు. ఆ పూట నాయనమ్మ తనే విస్తరి వేసి ఆయనకి అన్నం వడ్డించింది. పక్కన కూర్చుని విసురుతూ, "ఎంత పని సేసిందిరా నీ పెళ్లాం," అని కళ్లు తుడుచుకుంది. నాన్న తల్లి చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆ తర్వాత ఆయన బతికిన ఇరవై ఏళ్లలో మా అమ్మతో ఒక్క మాటా మాట్లాడలేదు.