షాఫ్టు మీద బొట్లు

డీజిలులో తడిపిన గుడ్డతో లారీ షాఫ్టును తుడుస్తుంటే, మట్టీ గ్రీజూ వదిలాక గాడి పక్కన ఒక ఎర్రటి మరక బయటపడింది. కుంకుమ. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, ఏదైనా పాత పరిమళం వస్తుందేమోనని. డీజిలు కంపే కొట్టింది. అయినా మా మామ గుర్తుకొచ్చాడు. ఆయన దగ్గరా ఎప్పుడూ అదే వాసన.

మామ అంటే నా భార్య నాయన, మునిరత్నం. ఆయన పోయి రెండు మామిడి కాపులు దాటాయి. బతికినంత కాలం పలమనేరు ఘాటులో లారీ నడిపి, హారను మాత్రం మొహమాటంగా కొట్టిన మనిషి. నేను దేన్నీ నవ్వకుండా వదలను. ఆయన నవ్వకుండానే అన్నిటినీ వదిలేవాడు. మా ఇద్దరికీ పొత్తు ఎలా కుదిరిందో ఇప్పటికీ తెలియదు.

నేను పాత లారీ కొన్న మొదటి ఏడు అది. ఐరాల దగ్గర ఒక తోట రైతు, తెల్లారేసరికి బండి తెస్తే ఆ కాపు మొత్తం నాకే ఇస్తానన్నాడు. తోతాపురి కాయలను చిత్తూరులో గుజ్జు ఫ్యాక్టరీకి చేర్చాలి. రాకపోతే ఇంకొకరిని పిలుచుకుంటానని కూడా అంతే ప్రేమగా చెప్పాడు. ఆ ముందు రోజే బండి కదిలినప్పుడల్లా కింద టంగుమని మోత, వేగం పెంచితే వణుకు. నాకు తెలిసిన వైద్యం నేను చేశాను, పాట శబ్దం పెంచాను. పక్కన కూర్చున్న మామ కాసేపు విన్నాడు.

"పాట బాగుండాదబ్బా. తాళం ఎవురేస్తా ఉండారు?"

బండిని ఇంటి ముందు ఆపి కిందికి దూరాడు. ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు చేర్చే పొడుగాటి షాఫ్టును చేత్తో పట్టుకుని అటూ ఇటూ ఆడించాడు. దాని రెండు చివర్లలోనూ క్రాసులనే కీళ్లు ఉంటాయి. రెండూ అరిగిపోయాయి. షాఫ్టు దించాం. అది రెండు ముక్కలు, ఒకదానిలోకి ఒకటి జారి కూర్చుంటుంది. ఏ పన్ను ఏ గాడిలో ఉందో మళ్లీ అందులోకే పోవాలి, లేకుంటే కొత్త క్రాసులు వేసినా వణుకు పోదు. అందుకని విప్పక ముందే మామ ఇంట్లోంచి కుంకుమ తెచ్చి, గ్రీజులో కలిపి, రెండు ముక్కల మీదా ఎదురెదురుగా ఒక్కో బొట్టు పెట్టాడు. ముక్కలు విడదీసి, క్రాసులు కొనడానికి ఇద్దరం బస్సెక్కి చిత్తూరు వెళ్లాం.

తిరిగొచ్చేసరికి షాఫ్టు పెళ్లికూతురిలా ఉంది. ముక్కలకు నిండుగా పసుపు, చుట్టూ వరసగా బొట్లు. వాటిలో మామ గుర్తుగా పెట్టినవి ఏవో తెలియదు. మా అత్త పక్కనే అగరొత్తి గుచ్చుతోంది.

"మొగోళ్ల పూజ ఇంతే. రెండు బొట్లు పెట్టి పోతిరి. నేనే అంతా పెట్టినా," అంది తృప్తిగా.

నా నాలుక మీదికి మూడు జోకులు ఒకేసారి వచ్చాయి. మామ నా వైపు చూడనైనా చూడలేదు.

"సక్కంగా పెట్టినావు," అన్నాడు ఆమెతో. తర్వాత నాతో, "పోయి సెంబుతో నీళ్లు తీసకరా అబ్బా."

నేను తిరిగొచ్చేసరికి జోకులు చల్లారిపోయాయి. అత్త లోపలికి వెళ్లాక మామ బొట్లన్నీ తుడిచేశాడు. గ్రీజు అద్దిన సూది బేరింగులు పడిపోకుండా కొత్త క్రాసులు కూర్చోబెట్టాడు. రెండు ముక్కలూ కలిపి షాఫ్టును వరండా గచ్చు మీద పడుకోబెట్టాడు. క్రాసులను పట్టుకునే రెండు చివర్ల చెవులూ ఒకేసారి గచ్చును తాకేదాకా ఒక్కో గాడి జరుపుతూ పోయాడు. బిగించి రోడ్డెక్కాం. బండి ఇంకా వణికింది.

"ఇంగ మిగిలింది ఒకటే," అన్నాడు మామ. "ఒక ముక్కను అర సుట్టు తిప్పి పెట్టాల. అట్ల పెట్టినా సెవులు నేలకు ఆనతాయి."

మళ్లీ ఇంటి ముందు బండి ఆగగానే అత్త బయటికొచ్చింది. "ఏమైంది మల్లా?"

"ఏం లేదే. గ్రీజు తక్కువైంది."

పొద్దు వాలుతుండగా మళ్లీ విప్పి, తిప్పి, బిగించాం. ఈసారి పాటకు తాళం లేదు. మామ అత్తను పిలిచి, "ఇప్పుడు పెట్టు నీ బొట్టు," అన్నాడు. తెల్లారి తోటలో మొదటి బండి నాదే. ఆ తర్వాత ఏది విప్పినా ముందు మేకుతో గీత గీసుకునేవాడు. ఎందుకని అత్త అడగలేదు, ఆయన చెప్పలేదు.

ఇవాళ నేను దించిన షాఫ్టు ముందు కూర్చుని ఉంటే అత్త కుంకుమ పళ్లెంతో వచ్చింది. దగ్గరికి రాకుండా నిలబడింది.

"గీసుకుంటివా నాయనా?"

"ఏంది అత్తా?"

"గీత. గీసుకున్నాక సెప్పు, బొట్టు పెడతా."

చేతిలో స్పానరు కింద పెట్టాను. "నీకు తెలుసా?"

"మీ మామకు అబద్ధం సెప్పేది రాదు. గ్రీజు తక్కువైతే ఎవురన్నా షాఫ్టంతా ఇప్పుతారా?"

"మరి అడగలేదే?"

"అడిగితే పాపం, ఇంగోటి సెప్పాల కదా."

మేకు తీసుకుని గీత గీశాను. ఆమె వంగి, గీతకు తగలకుండా, కొంచెం ఎడంగా బొట్టు పెట్టింది. నోటిదాకా ఒక మంచి జోకు వచ్చింది. ఆ రోజు నీళ్ల చెంబుతో చల్లారిన మూడింటితో కలిపి అదీ నా దగ్గరే ఉంది.