వణికే దీపాలు

ఆ వారంలో పెద్దాయన దేవుణ్ణి తలుచుకుని స్నానాలగదిలో స్టూలెక్కడం నాలుగోసారి. పాత బల్బులు మాడిపోతే ఎల్‌ఈడీలు పెట్టాడు. కంటి ఆపరేషనైన భార్య కోసం వెలుగు తగ్గిద్దామని డిమ్మర్ తిప్పితే చాలు, అవి చలిజ్వరం పట్టినట్టు వణికేవి. "డిమ్మర్ పాతది బాబాయ్, దాన్నే మార్చాలి" అని దుకాణం అతను చెప్పినా వినలేదు. అది తన చేత్తో బిగించింది మరి! బల్బులనే తిట్టుకుంటూ, తుడిచి మళ్ళీ బిగించాడు.

"ఇప్పుడెలా ఉందే?"

"హాయిగా ఉందండీ."

మర్నాడు పొద్దున తలుపు కింద చీకటి, లోపల చెంబు చప్పుడు.

"లైటేసుకోలేదేం?"

"ఆ వణుకుడికి కళ్ళు తిరుగుతున్నాయి. చెప్తే మళ్ళీ స్టూలెక్కుతారని..."

పెద్దాయన పళ్ళు కొరుక్కుంటూ వెళ్ళి, డిమ్మర్ ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు. "తొందరేం లేదు, తడిలో మెల్లగా రా" అంటూ తలుపు దగ్గరే నిలబడ్డాడు.