ఉతికిన రీలుతో తార్నాక దాకా

కాజీపేటలో ఉదయం ఆరున్నర ప్యాసింజరు ఎక్కాను. చేతిసంచిలో పులిహోర గిన్నె, దాని పక్కన చపాతీ అంత గుండ్రటి రేకు డబ్బా. అందులో మా మామయ్యగారి సినిమా రీలు. ఆయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నేను కాపురానికొచ్చిన కొత్తలో ఆదివారాలు క్వార్టర్ల మధ్య దుప్పటి కట్టి, చేత్తో తిప్పే మిషను మీద ఆ బొమ్మల సినిమా వేసేవారు. అందులో మాట ఉండదు, పాట ఉండదు. కథంతా ఆయనే పక్కన నిలబడి చెప్పేవారు.

మా ఎదురింటి స్వప్న యూనివర్సిటీలో ఆ మూగ సినిమాల కాలంనాటి కార్టూన్ల మీదే పరిశోధన చేస్తోంది. దసరాకి వచ్చినప్పుడు మా అటక మీద ఈ డబ్బా చూసి, పైనున్న ఇంగ్లీషు కాగితం చదివి ఎగిరి గంతేసింది. కాగితం మీద పేరున్న స్టూడియోవాళ్ళు తీసిన ఈ బొమ్మ ఇంకెక్కడా మిగల్లేదట. “అమ్మమ్మా, మూత గూడ తియ్యకు. ఎట్లున్నదో అట్లనే తీస్కరా,” అని మరీ మరీ చెప్పి వెళ్ళింది.

నేను తీశాను. పుల్లటి కంపు, పైనంతా తెల్లటి బూజు. చదువుకున్నవాళ్ళ చేతిలో అలాంటిది ఎలా పెడతాం? వేడినీళ్ళలో బట్టలసోడా కలిపి మధ్యాహ్నమంతా నానబెట్టాను. మెత్తటి గుడ్డతో తుడిచి, దండెం మీద ఆరేశాను. నీళ్ళు నల్లగా దిగితే ఎన్నేళ్ళ మురికో అనుకున్నాను. రీలు అద్దంలా మెరిసింది. దాన్ని చూసుకుని మురిసిపోయాను కూడా.

జనగామలో ఎక్కినావిడ నా సంచి మీద కూర్చోబోయింది.

“చూసుకో అమ్మా, అందులో సినిమా ఉంది,” అన్నాను.

“సంచిల సినిమానా? హీరో ఎవలు?”

“కోడి.”

రైలుపెట్టెలో అందరూ నవ్వారు. నిజంగా కోడే. ఒక చెయ్యి వచ్చి కలంతో కోడిని గీస్తుంది. గింజలు గీస్తే తింటుంది. కంచె గీస్తే ఆ గీతల్ని సేమ్యాలా జుర్రుకుంటుంది. ఆఖరికి గీసే చేతినే పొడుస్తుంది. ఘట్‌కేసర్ దాకా ఆ కథే చెప్పాను.

తొమ్మిదిన్నర దాటాక సికింద్రాబాదులో దిగాను. తార్నాక వైపు బస్సులు వస్తూనే ఉంటాయి. ఆడవాళ్ళకి డబ్బుల్లేని జీరో టికెట్టు, ఆధార్ కార్డు మాత్రం మరిచిపోకండి. తార్నాకలో ఇడ్లీ తిని, యూనివర్సిటీ లోపలికి ఆటో మాట్లాడుకున్నాను. యాభై అడిగాడు.

“లోపల చానా దూరమున్నది పెద్దమ్మా. నడిస్తె చెట్లే కనవడ్తయ్, ఆఫీసు కనవడది,” అన్నాడు.

పదిన్నరకి స్వప్న వాళ్ళ గదికి చేరాను. వాళ్ళ సారు కూడా ఎదురుచూస్తున్నారు. బల్ల మీద అద్దం, అద్దం కింద లైటు. స్వప్న తెల్లటి చేతొడుగులు వేసుకుని రీలు ఒక మూర లాగి పరిచింది. ఇంకో మూర లాగింది. కింద లైటు తప్ప ఏమీ కనబడలేదు.

“బొమ్మలేవి?” అంది మెల్లగా.

ఆ నల్లనీళ్ళు ఏమిటో నాకు అప్పుడు తెలిసింది.

“ఎప్పటిసంది ఇట్లున్నదమ్మా?” అని సారు అడిగారు.

“మా మామయ్యగారు ఖాళీదే దాచారేమోనండి. ఆయనకి ప్రతిదీ దాచే అలవాటు.”

పోయిన మనిషి మీదకి అంత తేలిగ్గా నెట్టేశాను. సారు స్వప్న వైపు తిరిగారు. “సూడకుండనే ఊరందరికి చెప్పినవ్. నీ రిసర్చంత దీని మీదనే అన్నవ్. ఇగ నిన్నెట్ల నమ్మాలె?”

స్వప్న తల దించుకుంది. రీలు చుట్టి డబ్బాలో పెడుతూ నాతో, “అన్నం తినిపో అమ్మమ్మా, ఎండల వచ్చినవ్,” అంది. ఆ మాటకి సిగ్గుతో చచ్చిపోయాను. బండి టైమైందని అబద్ధమాడి బయటపడ్డాను.

పన్నెండుకి తార్నాక బస్టాపులో ఉన్నాను. రెండు బస్సులు వదిలేశాను. మూడోదాంట్లో కండక్టరమ్మ, “ఎక్కుతవా లేదా అమ్మా?” అని అరిచింది. ఎక్కలేదు. ఆటో కూడా ఎక్కకుండా, ఆ చెట్ల కింద నడిచే వెనక్కి వెళ్ళాను.

వాళ్ళు అన్నాలు తింటున్నారు. గుమ్మంలోనే నిలబడి చెప్పాను. “నేనే ఉతికానండి. వేడినీళ్ళలో సోడా వేసి. ముట్టుకోవద్దని ఈ పిల్ల చెబుతూనే ఉంది. దాన్నేమీ అనకండి.”

“దండెం మీద గూడ ఆరేసినవా?” అంది స్వప్న.

“క్లిప్పులు పెట్టాను.”

ఫక్కున నవ్వింది. వెంటనే రెండు చేతులతో మొహం కప్పుకుంది.

సారు కుర్చీ చూపించారు. “ఏం కాదమ్మా. అప్పట్ల స్టూడియోలల్ల గూడ అద్దమసొంటి షీట్ల మీద బొమ్మలు గీసి, ఫొటో తీసినంక కడిగి మళ్ల వాడేటోళ్లు.”

“ఫొటో తీశాకే కదండీ,” అన్నాను.

తర్వాత స్వప్న ఫోనులో రికార్డు చేస్తుంటే కోడి కథంతా చెప్పాను. గీసేది కుడిచెయ్యా ఎడమచెయ్యా అని అడిగితే మాత్రం చెప్పలేకపోయాను. అన్నీ గుర్తుంటాయని పేరు నాకు.

డబ్బాతో పాటు ఒక కాగితం ఉండాలన్నారు సారు. ఆయన దాని మీద మా మామయ్యగారి పేరు రాసి, కింద జరిగింది రాయబోతే, నేనే రాస్తానన్నాను. “ఈ రీలు నేను ఉతికాను,” అని వంకరటింకరగా రాసి సంతకం పెట్టాను.

నాలుగున్నర బండిలో కిటికీ పక్కన చోటు దొరికింది. మీ అటక మీద అలాంటి డబ్బా ఉంటే బూజుతోనే పట్టుకెళ్ళండి. మా ఇంట్లో యూనివర్సిటీ కాగితం మీద సంతకం పెట్టిన మొదటి మనిషిని నేనే. అది దేనికో మావారికి ఎలా చెప్పాలా అని కాజీపేట దాకా మాటలు కూడబలుక్కుంటూనే ఉన్నాను.