కంచె మీద కొండ పురుగు

పురుగుల విషయంలో మా ఊళ్ళో నా మాటకు తిరుగు లేదు. ఆకు వెనక్కి తిప్పి చూసి, కొరికింది ఏ పురుగో చెప్పేస్తాను. మూడేళ్ళు పత్తి వేసి, కాయలు తొలిచే గులాబీరంగు పురుగు పుణ్యమా అని మిరపకు మళ్ళినదాన్ని. ఆ చదువు ఊరికే రాలేదు.

మేం ఇద్దరు ఆడవాళ్ళం కలిసి ఎకరం కౌలుకు చేస్తున్నాం. నా భాగస్తురాలు నాకంటే పదేళ్ళు చిన్నది. చర్చిలో పాట ఎత్తుకునే మనిషి కాబట్టి చేలో కేకేస్తే అవతలి గట్టుకు వినిపిస్తుంది. పోయినేడు నల్ల తామరపురుగు మా పూతంతా రాల్చింది. ఈసారి కూడా పంట పోతే కౌలు వదులుకుని ఇద్దరం కూలికి పోవాల్సిందే. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, పైకి మాత్రం అనుకోం.

ఆ వేసవిలో కంచెకు గుంపెన కొమ్మలు పాతాం. గుంపెన మొండి చెట్టు. కొమ్మ నరికి పాతితే చాలు, వాన పడగానే చిగురిస్తుంది. మా చేలకు తూర్పున కొండవీటి కొండలున్నాయి, కొమ్మలు ఆ కొండ దిగువ నుంచే తెచ్చాం. ఒక కొమ్మకు ఎండుటాకుల్లో చుట్టుకుని కోడిగుడ్డంత గూడు అంటుకుని ఉంది. పీకి పారేయబోయి, లోపల ఏముందో చూద్దామని ఆ రెమ్మ విరిచి పాక చూరులో గుచ్చాను.

మిరప నారు నాటిన వారానికి, ఒక ఉదయం చూస్తే గూడు ఖాళీ. రెమ్మకు ఒక పురుగు వేలాడుతోంది. రెక్కలు విప్పితే నా అరచేతిని దాటింది. లేత తమలపాకు రంగు రెక్కలు, పై అంచున వంకాయరంగు గీత, రెక్కకొక కన్నులాంటి చుక్క. కింది రెక్కలు రెండూ సన్నగా సాగి తోకల్లా వేలాడుతున్నాయి. ఒళ్ళంతా అప్పుడే ఏకిన దూదిలా తెల్లగా ఉంది. ఇన్నేళ్ళుగా పురుగుల్ని చంపడానికే చూశాను. ఊరికే చూస్తూ నిలబడింది అదే మొదటిసారి.

నా భాగస్తురాలు మందు డబ్బా చేత్తో పట్టుకునే వచ్చింది.

“చంపెయ్యక్కా. ఇంత లావు పురుగు గుడ్లు పెడితే ఇంకేమన్నా ఉందా? చేనంతా మేసిద్ది.”

“మిరపాకు ముట్టదే. దాని తిండి గుంపెన.”

“నీకెట్టా తెలుసు?”

“నాకు తెలుసు,” అన్నాను. నిజానికి గూడు గుంపెనకు ఉందన్న ఒక్క ఆధారమే నా దగ్గరుంది. ఆమె అటు వెళ్ళాక ఫోటో తీసి ఫోన్‌లో వెతికాను. మూన్ మాత్ అనే రాత్రి సీతాకోక అని, కొండ అడవుల్లో ఉంటుందని వచ్చింది. మీసాలు సన్నగా ఉన్నాయి కాబట్టి ఇది ఆడదే. రెక్కలొచ్చాక దీనికి తినే నోరే ఉండదట. బతికేది వారం. ఆ వారంలోనే జోడు దొరకాలి. కొండ మీద ఉండాల్సినదాన్ని ఇక్కడికి దించింది నేనే, ఇలా ఒంటరిగా చావనివ్వడానికి నాకు మనసొప్పలేదు.

పత్తి వేసిన రోజుల్లో చేలో లింగాకర్షక బుట్టలు కట్టేవాళ్ళం. ఆడపురుగు వాసనను ఎరగా పెడితే మగవి వచ్చి బుట్టలో పడి చచ్చేవి. ఆ విద్యనే ఇప్పుడు తిరగేశాను. సాయంత్రం పురుగుతో సహా ఆ రెమ్మను తీసుకెళ్ళి కంచెలో ఎత్తయిన గుంజకు కట్టాను.

“కొండ ఎక్కడ, మన చేను ఎక్కడ?” అంది ఆమె.

“పడమటి గాలి తోలుతోంది. కబురు కొండకే పోయిద్ది.”

“ఇంకేం, పెళ్ళి పత్రికలు కూడా అచ్చేయించు.”

తెల్లారి వెళితే రెమ్మ మీద రెండున్నాయి. మగదానికి మీసాలు దువ్వెన పళ్ళలా ఒత్తుగా ఉన్నాయి, ఒక తోక తెగిపోయింది. అంత దూరం వచ్చిందే అని నాకు కళ్ళు చెమర్చాయి.

ఆడది గుడ్లు కంచె ఆకుల మీదే పెట్టింది. పది పన్నెండు రోజులకు పిల్లలు బయటికొచ్చాయి, ఎర్రగా, నడుముకు నల్లపట్టీతో. నా భాగస్తురాలు నా మాట నమ్మలేదు. ఒకదాన్ని మిరపాకు మీద వేసి, పనిమానుకుని గట్టు మీద కూర్చుంది. అన్నాల వేళ దాకా అది ఆకు చుట్టూ తిరిగింది తప్ప పన్ను పెట్టలేదు. చివరికి ఆమే దాన్ని పుల్లతో ఎత్తి గుంపెన మీద పెట్టి వచ్చింది.

“చెప్పానా!” అని ఆ వారమంతా ఊరేగాను.

తర్వాత మిరపకు తామరపురుగు తగిలింది. పంపు వీపుకు తగిలించుకుని మందు కొట్టుకుంటూ సాలు వెంట సాలు పోతున్నాను. పూత నిలవాలన్న ధ్యాస తప్ప నాకింకేమీ గుర్తులేదు. కంచె పక్క సాళ్ళలోకి తిరగబోతుంటే వెనక నుంచి చర్చి గొంతు పెద్దగా వినిపించింది.

“అక్కా, ఆగు! గాలి మందును కంచె మీదికి కొడతా ఉంది.”

ఆగిపోయాను. నాకు సిగ్గేసింది. ఆమె అప్పటికే చీర చెంగు బిగించి, ఆ చివరి రెండు సాళ్ళ ముందు వంగుంది. పంట పోతే నాతోపాటు కూలికి రావాల్సిన మనిషి, పురుగు పట్టిన చిగుళ్ళను ఒక్కొక్కటే చేత్తో గిల్లి గిన్నెలో వేస్తోంది.