పెండపురుగులు రాని మిరుగం

మృగశిర కార్తె వచ్చి, మిరుగం వానలు మొదలై వారం దాటినా మా కూరగాయల మడిలో ఆవు వేసిన పెండ వేసినట్టే ఉంది. పొద్దున పుల్లతో ఎత్తి చూశాను. పైన పెచ్చు కట్టింది, అడుగున ఒక్క బొక్క లేదు, మన్ను గచ్చులా గట్టిగా ఉంది. లోపలి తడి వాసన మాత్రం గుప్పుమంది. ఆ వాసనకు నాకు ఏడుపొచ్చింది. పెండ వాసనకు ఏడ్చేవాళ్లు కూడా ఉంటారా అని మీరు నవ్వుకోవచ్చు, నవ్వుకోండి.

నకిరేకల్ దగ్గర మా ఊళ్లో మాకున్నదల్లా ఈ చెలక ముక్క. బాపును కన్నతల్లి, మా అవ్వ, వయసంతా ఒకరి చేన్లలో కలుపు తీసి, కూలి కూడబెట్టి కొన్నది. కొన్ననాడు అది రాళ్లు తేలిన ఎర్రమన్నట, గడ్డపార వేస్తే ఠంగుమనేదట. నాకు తెలివి వచ్చేనాటికి, అంటే తెలంగాణ వచ్చిన ఏడు నేను ఐదో తరగతిలో ఉన్నప్పటికి, అందులో నడిస్తే మడమలు దిగబడేవి, వంగమొక్కను లాగితే సన్నవేరుతో సహా మెత్తగా ఊడివచ్చేది. ఇది ఎట్లా జరిగిందని అడిగితే అవ్వ పెండపురుగుల్ని చూపేది. "నేను కొన్న, గంతే బిడ్డా. భూమిని చేసింది గవి."

అప్పటి మిరుగం చూడాలి! ఇంట్లో చేపల పులుసు ఉడుకుతుండగా, బయట తొలివాన తడి ఇంకా ఆరకముందే, నారు నాటని ఖాళీ మడిలో ఆవును కట్టేస్తే, పెండ పడీ పడకముందే నల్లటి పురుగులు బుయ్యిమంటూ ఎక్కడెక్కడి నుంచో వచ్చి వాలేవి. కొన్ని అక్కడికక్కడే మన్నులోకి దూరి పెండను కిందికి లాక్కుపోయేవి, కొన్ని ఉండలు చేసి వెనక కాళ్లతో నెట్టుకుంటూ పోయేవి. పిల్లలం తలా ఒక పురుగును నాదంటే నాదని పంచుకుని పందెం పెట్టేవాళ్లం. ఎదురుగా పుల్ల అడ్డం పెడితే ఉండ దొర్లిపోయేది, పురుగు మళ్లీ ఎక్కి దిగి దాన్ని వెతుక్కునేది. నా పురుగు ఎప్పుడూ ఓడిపోయేది, దాన్ని నోటికొచ్చినట్టు తిట్టేదాన్ని. తెల్లారి చూస్తే పెండ ఉండేది కాదు, నాలుగు పీచులు, పక్కన తవ్విపోసిన కొత్తమన్ను ఉండేవి. వాన పడితే ఆ బొక్కల్లోంచి నీళ్లు గటగటా దిగిపోయేవి. అమ్మ పిడకలకని గంప తెస్తే అవ్వ ఊరుకునేది కాదు. "వాటి నోటికాడిది గుంజకు. కొట్టంల పెండ ఉన్నది గద, గది తీస్కపో."

బతుకమ్మ నాటికి వంకాయలు నిగనిగలాడుతూ దిగేవి. ఎండురొయ్యలు వేసి వండితే జొన్నరొట్టెలు ఎన్ని తిన్నామో మాకే తెలిసేది కాదు. అంగట్లో అవ్వ గంప దించకముందే జనం మూగేవాళ్లు. ఆ సంబరంలో అనేది: "నేను సస్తే గీ మన్నుల్నే పెట్టుండ్రి. తవ్వెటోళ్లకు చెమట గూడ పట్టది."

నేను ఎనిమిదిలో ఉండగా ఆవు చిక్కిపోయింది. ఒళ్లంతా పిడుదులు పట్టి లేవలేకపోతే, బాపు ఎవరినో పిలిచి సూది వేయించాడు. కొద్దిరోజుల్లోనే అది లేచి మేతకు మూతి పెట్టింది, అవ్వ దాని నోట్లో బెల్లం పెట్టింది. ఆ మిరుగానికి పురుగులు పలచగా వచ్చాయి, కొన్ని పెండ మీదే వెల్లకిలా పడి ఉన్నాయి. ఆ మందు పెండలోకి దిగుతుందని, పురుగుల పిల్లలు అందులో బతకవని తర్వాత తెలిసింది. బాపు ఏటా ఆ సూది వేయిస్తుంటే, మందు మానెయ్యమని అవ్వ పట్టుబట్టింది.

"మందు బంద్ జేస్తే ఆవు సస్తది. ఏం జెయ్యమంటవ్ జెప్పు?" అన్నాడు బాపు.

అయినా అవ్వ మాట మీద ఒక ఏడు మానేసి చూశాం, పిడుదులు మళ్లీ పట్టి ఆవుకు పుట్టిన దూడ చచ్చిపోయింది, పురుగులు మాత్రం రాలేదు. వచ్చేందుకు చుట్టుపక్కల అవి మిగిలితే కదా! అందరూ పశువులను అమ్మేసుకున్నారు, మా మడి నాలుగు దిక్కులా పత్తి చేన్లు, గడ్డిమందు.

మన్ను బిగిసింది, వాననీళ్లు పైపైనే జారిపోయాయి, వంకాయలు గిడసబారాయి. అవ్వ కొడవలి మొనతో బొక్కలు చేసి, పెండను వేళ్లతో లోపలికి కూరడం మొదలుపెట్టింది. "పురుగు జేసే పని మనిషి జెయ్యలేదా?" అనేది మొదట్లో. ఒక వరుస అయ్యేసరికి నడుము పట్టుకుని కూలబడేది, కూరిన పెండ అక్కడే ఎండిపోయేది. కిందటి బతుకమ్మకు అంగట్లో వంకాయలు కొన్నాం. అవ్వ ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ గంపలో పెట్టేసింది.

మొన్న ఎండాకాలంలో అవ్వ పోయింది. మాట ప్రకారం మడి మూలన గుంత తీయబోతే మొదటి దెబ్బకే గడ్డపార ఠంగుమంది. పొద్దున మొదలుపెట్టిన మనుషులు చెమటలు కక్కుతూ మాపటి దాకా తవ్వారు. బాపు తల ఎత్తలేదు.

ఇవ్వాళ ఎత్తిన పెండను మళ్లీ అక్కడే పెట్టి వచ్చాను, మాపటికి పోయి చూశాను. ఈగలు ముసురుతున్నాయి.